విప్పి పెట్టిన కెమెరా

2022 ఆగస్టు 14, ఆదివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు గుంటూరులోని ఒక దుకాణంలో, నాకొక్కదానికే చెందే యంత్రాన్ని జీవితంలో మొదటిసారి కొన్నాను. ఆ గంటను ఆనాడే డైరీలో రాసుకున్నాను గనుక జ్ఞాపకాన్ని నమ్ముకోవలసిన అవసరం లేదు. వెల నలభై ఆరు వేల ఐదు వందలు. నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో లెక్కలు రాసి నేను సంపాదించిన డబ్బు అది. కొనడానికి ఎవరి అనుమతీ అడగలేదు. అడగలేదన్న సంగతిని మా ఇంట్లో ఎవరూ ఈనాటికీ మరచిపోలేదు.

దుకాణదారు కౌంటరు మీద నాలుగు కెమెరాలు వరసగా పెట్టి, నా వెనక నిలబడిన నా భర్తను అడిగాడు.

"సార్, ఫ్యామిలీ ఫంక్షన్లకా, యూట్యూబుకా?"

"నన్నడుగుతావేంది? ఆవిడకంట," అన్నారు ఆయన.

అతడు నా వైపు తిరిగి గొంతు మెత్తబరచాడు. "మేడంకైతే ఈ చిన్నది బాగుంటుందండీ. బటన్ నొక్కితే చాలు, అంతా అదే చూసుకుంటుంది."

"అంతా అదే చూసుకునేట్టయితే ఇక నేనెందుకండీ? వెలుతురు, వేగం చేత్తో మార్చుకోగలిగేది చూపించండి."

నా భర్త నవ్వారు. "ఇంట్లో కూడా ఇంతేనయ్యా. కుక్కరు కూతలు కూడా రాసి పెట్టుద్ది."

మూడు నెలలపాటు చదివి, పోల్చి, చివరకు రెండే ప్రశ్నలు మిగుల్చుకున్నాను. మెడలో వేసుకుని ఒక పూట నడవగలనా? నా చూపుడువేలు మీటను అందుకుంటుందా? మెగాపిక్సెళ్ళ సంఖ్య పెట్టె మీద ఎంత పెద్దగా అచ్చయినా, మోయలేని కెమెరా బీరువాలోనే ఉంటుంది. అందుకే లోపల అద్దం లేని తేలిక రకాన్ని ఎంచుకున్నాను. దాని లెన్స్ ఊడదీస్తే బొమ్మను పట్టే సెన్సర్ నేరుగా బయటపడుతుంది. దానికి ధూళి తగలరాదు. బిల్లు రాస్తూ దుకాణదారు ఆ జాగ్రత్త చెప్పాడు. విన్నాను. రాసుకున్నాను కూడా.

మా ఇల్లు వినుకొండ రోడ్డులో ఉంది. ఇంటి వెనక షెడ్డు. నా భర్త, మా మరిది అందులో ట్రాక్టర్లు, లారీలు బాగుచేస్తారు. దాన్ని మొదలుపెట్టిన మా మామగారు ఇప్పుడు లేరు. ఆయన పెట్టిన పద్ధతులు మాత్రం ఉన్నాయి. దసరా నవమినాడు షెడ్డులోని ప్రతి పనిముట్టునూ కడిగి, విప్పదగినదాన్ని విప్పి, ఏ భాగానికి ఆ భాగాన్ని విడిగా గోనెపట్టా మీద పేర్చి పూజ చేయాలన్నది వాటిలో మొదటిది. జాకీ ఒకచోట, దాని రాడ్డు ఒకచోట. కంప్రెసర్ ఒకచోట, దాని గొట్టం, గాలి గన్ను వేరుగా. ప్రతిదానికీ బొట్టు. పూజలో పెట్టినదాన్ని మరునాడు దశమి పొద్దుటి దాకా ఎవరూ కదపరాదు.

ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఒక్క ఏడాదీ నా వస్తువేదీ ఆ గోనెపట్టా మీదకు రాలేదు. మిల్లులో నేను వాడే కంప్యూటరు మిల్లుది. ఇంట్లో నేను వాడేవాటిని సామాన్లు అంటారు గాని పనిముట్లు అనరు. ఆ సంవత్సరం అక్టోబరు 4న, మంగళవారం, మా అత్తగారు పసుపు కలుపుతూ, తల ఎత్తకుండానే అన్నారు.

"అమ్మాయ్, నీ కెమెరా కూడా తెచ్చి పెట్టు. పనిముట్టేగా."

ఆ మాట విన్నాక నేను నడిచి వెళ్ళలేదు, దాదాపు పరుగెత్తాను. ఇంటి పద్ధతి ప్రకారం లెన్స్ ఊడదీశాను. కెమెరా నోటికి ప్లాస్టిక్ మూత బిగించి, రెండింటినీ పానాల వరుస పక్కన పెట్టాను. అత్తగారు గంధం గిన్నెతో వరుసగా వచ్చి అక్కడ ఆగారు.

"మూతేసి పెట్టావేంది?"

"దుమ్ము పడకూడదండీ లోపల."

"పూజలో దుమ్మేంది? మూతేసి పెడితే పూజ లోపలికి పోద్దా? మీ మామగారైతే ఒప్పుకునేవారా?" అంటూ ఆవిడే మూత తిప్పి తీసి, పక్కన పెట్టారు.

మా మరిది కొబ్బరికాయ పట్టుకుని నవ్వాడు. "తియ్యనీ వదినా. కెమెరాకి నోరు నొక్కి పెడితే రేపు ఫోటోలేం మాట్లాడతాయి?"

నేను కూడా నవ్వాను. ఇరవై రెండేళ్ళకు దొరికిన చోటు అది. ఒక మూత కోసం వాదించి దాన్ని వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. తెరిచిన నోటి పైఅంచున గంధం, దాని మీద కుంకుమ. అత్తగారి వేళ్ళు ఎప్పుడూ ధారాళమే. తరువాత అక్షింతలు. కెమెరా ఆ రాత్రంతా అలాగే, నోరు తెరుచుకుని, పానాల మధ్య ఉంది. దశమి పొద్దున తెచ్చి, పైపైన మెత్తటి గుడ్డతో తుడిచి, లెన్స్ బిగించాను.

తరువాతి నాలుగు నెలలు నాకు తెలిసినంతలో సుఖంగా గడిచాయి. ఆదివారాలు కెమెరా తీసుకుని ఊరు తిరిగాను. ఎపర్చర్ అనే కన్ను ఎంత తెరిస్తే వెనకది అంత మసకబారుతుందనీ, ఎంత మూస్తే దగ్గరదీ దూరందీ అంత తేటపడతాయనీ నేర్చుకున్నాను. మిల్లు గేటు దగ్గర టీ అమ్మేవాళ్ళను, బస్టాండులో కునికే వాళ్ళను తీశాను. అన్నీ కన్ను బాగా తెరిచి తీసినవే. వాటిలో ఏ లోపమూ కనబడలేదు.

జనవరిలో గుంటూరులోని ఒక చిన్న ఫోటోగ్రఫీ బృందం, కొత్తగా నేర్చుకుంటున్నవారి కోసం ప్రదర్శన పెడుతున్నామని ప్రకటించింది. ఒకే విషయం మీద మూడు చిత్రాలు పంపాలి. కెమెరాలో పడినది పడినట్టుండాలి. కంప్యూటర్లో చెరపడం, అతకడం కుదరదు. గడువు ఫిబ్రవరి 28. నేను ప్రభను ఎంచుకున్నాను.

శివరాత్రికి ఊరూరా ఇళ్ళను మించిన ఎత్తున కట్టి, బండ్ల మీద కోటప్పకొండకు తరలించే ప్రభల ఫోటోలు అందరి దగ్గరా ఉంటాయి: రాత్రివేళ, దీపాలతో, జనంతో. నాకు కావలసింది అంతకు ముందరిది. వెదుళ్ళు, తాళ్ళు, ఇంకా గుడ్డ కట్టని అస్థిపంజరం, దాని మీద పాకే మనుషులు. దగ్గర్లోని ఒక ఊరికి మూడు ఆదివారాలు వరుసగా వెళ్ళాను. ప్రభ కట్టే మేస్త్రీ అరవై దాటిన మనిషి. మొదటిరోజే పైనుంచి కేకేశాడు.

"ఏం అమ్మాయ్, పేపరోళ్ళా?"

"కాదు బాబాయ్."

"యూట్యూబా?"

"అదీ కాదు."

"మరెందుకమ్మా ఈ ఎండలో? కూలేమన్నా ఇస్తన్నారా?"

"లేదు. నాకోసమే."

ఆయన పక్కనున్న వాళ్ళతో, "చూడండిరా, మనకన్నా ఎర్రిది దొరికింది," అన్నాడు. తరువాత నాకు వినబడేట్టు, "సర్లే, నా మొహం పడేట్టు ఒకటి తియ్యి. ముప్ఫై ఏళ్ళ సంది కడతన్నా, ప్రభకి తీస్తారు గాని నాకెవురూ తియ్యలా," అన్నాడు.

ఫిబ్రవరి 12న ఆయన సగం ఎత్తులో, ఒక కాలు వెదురుకు మెలివేసి, పళ్ళతో తాడు బిగిస్తూ కిందకు చూశాడు. వెనక ఒట్టి ఆకాశం. పల్నాటి మిట్టమధ్యాహ్నం వెలుతురు. ప్రభ మొదలు నుంచి కొస దాకా తేటగా రావాలని ఎపర్చర్ బాగా మూసి తీశాను. అరచేతి వెడల్పు లేని కెమెరా తెర మీద అది చూసినప్పుడు, ఇంత మంచిది మళ్ళీ తీయలేనని నాకు తెలిసింది.

ఫిబ్రవరి 22న, బుధవారం, మిల్లుకు సెలవు పెట్టి గుంటూరులో ప్రింట్లు వేసే ల్యాబుకు వెళ్ళాను. ఆపరేటరు చిత్రాన్ని పెద్ద తెర మీద తెరిచి, ముందుకు వంగాడు.

"ఆయన మొహానికేమైంది మేడం?"

మేస్త్రీ ఎడమ కన్ను, సగం బుగ్గ ఉండవలసిన చోట గోధుమరంగు మరక. ఆపరేటరు ఒక్కొక్క చిత్రమే ముందుకు జరిపాడు. ఎండలో తీసిన ప్రతిదానిలోనూ, సరిగ్గా అదే చోట, అదే మరక. ఆకాశంలో పడ్డప్పుడు గద్దో, గాలిపటమో అనిపించి నేనే దాటేశాను.

"సెన్సర్ మీద ఏదో పడిందండీ. కన్ను బాగా తెరిచి తీస్తే కనపడదు. మూస్తే ఇట్టా బయటపడుద్ది. లెన్స్ తీసి ఎక్కడన్నా పెట్టారా?"

"పెట్టాను. పూజలో."

అతడు నవ్వబోయి నా ముఖం చూసి ఆపుకున్నాడు. "ఆకాశంలో అయితే చిటికెలో చెరిపేస్తానండీ. మొహం మీద పడింది కదా. లేని కన్ను నేనెక్కణ్ణుంచి తేను?"

చెరిపినా ప్రదర్శన నియమం ఒప్పుకోదు. విజయవాడలో ఒకరు కూర్చోబెట్టి గంటలో శుభ్రం చేసిస్తారని ఫోన్ నంబరు ఇచ్చాడు. అంతవరకు లోపల వేలు గాని, గుడ్డ గాని పెట్టవద్దన్నాడు.

ఇంకా దారి మూసుకుపోలేదు. తిరునాళ్ళు అయ్యాక ప్రభను ఊళ్ళోకి తెచ్చి విప్పుతారు. ఆ ఊళ్ళో 26న, ఆదివారం విప్పుతారని మేస్త్రీ ఫోన్లో చెప్పాడు. అదే మనిషి, అదే ఎత్తు, అవే తాళ్ళు. శనివారం విజయవాడలో శుభ్రం చేయించి, ఆదివారం తీసి, సోమవారం పంపితే గడువు లోపలే. బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. అత్తగారు మజ్జిగ పోస్తూ, "కుంకం పడితే చెడేదేంది? అదేం యంత్రమమ్మా," అన్నారు. మా మరిది మాత్రం శ్రద్ధగా విన్నాడు. "లోపల పొడి పడింది, అంతేగా వదినా?" అని రెండుసార్లు అడిగాడు. అంతేనన్నాను.

25న, శనివారం, మిల్లులో నెలాఖరు లెక్కలు ముగించి మధ్యాహ్నం ఒకటిన్నరకు ఇంటికి వచ్చాను. రెండు గంటల పది నిమిషాలకు బస్సు. కెమెరా నా గదిలో లేదు. షెడ్డులో బల్ల మీద, శుభ్రమైన బనియను గుడ్డ పరిచి, దాని మీద లెన్స్ ఊడదీసి పెట్టి ఉంది. పక్కన గాలి గన్ను.

"విజయవాడ ఎందుకు వదినా దండగ," అన్నాడు మరిది, చేతులు తుడుచుకుంటూ. అతని ముఖంలో నిజమైన సంతోషం ఉంది; దాన్ని నేను కాదనలేను. "గాలి కొట్టా. కార్బురేటరు కన్నా సున్నితంగా కొట్టా. పొడి మొత్తం ఎగిరిపోయింది, చూడు."

చూశాను. కుంకుమ లేదు. సెన్సర్ నిండా సన్నని నూనె తుంపర్లు. వెలుతురును కొలిచి లోపలికి వదిలే షట్టర్ రేకులు, వెంట్రుకంత మందం లేనివి, వంగి ఒకదాని మీదకు ఒకటి ఎక్కి ఉన్నాయి. స్విచ్ వేశాను. తెర మీద ఒక హెచ్చరిక వచ్చి, ఆరిపోయింది.

"నన్నడగాలిగా," అన్నాను.

"నువ్వు మిల్లులో ఉన్నావు. నీకు పని తగ్గిద్దామనే వదినా..."

నా భర్త ట్రాక్టరు కింద నుంచే అన్నారు. "వాడు మంచికే చేశాడే. వాణ్ణేమనబాక."

కెమెరాను ఆ బనియను గుడ్డలోనే చుట్టి తీసుకున్నాను. ఆ 'మంచికే' అన్న మాటే నాకు ఈనాటికీ అరగని సంగతి. వాళ్ళ కార్బురేటరును నేను నా మంచి ఉద్దేశంతో, నాకు తెలిసిన పద్ధతిలో కడిగి ఉంటే, ఆ షెడ్డులో ఎన్ని గొంతులు లేచేవో నాకు తెలుసు. సాయంత్రం అత్తగారు ఉప్పు, మిరపకాయలు తెచ్చి నాకు దిష్టి తీశారు. కెమెరాకు తీయలేదు.

ఆదివారం బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను, ఒట్టి చేతులతో. ప్రభ విప్పుతున్నారు. మేస్త్రీ అదే ఎత్తులో, ఒక కాలు మెలివేసి, తాడు ముడి పళ్ళతో లాగుతూ కిందకు చూశాడు.

"డబ్బా ఏదమ్మాయ్?"

"పాడయింది బాబాయ్."

ఆయన దిగి వచ్చాక, బుధవారం ల్యాబులో మరకతోనే వేయించి తెచ్చుకున్న ప్రింటు చేతికిచ్చాను. ఎండలో చాచి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నేనేనా ఇది?"

"మీరే. మొహం మీద మరక పడింది."

"పోన్లే. ప్రభ బాగా పడింది. అది చాల్లే," అని దాన్ని తువ్వాలులో చుట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా అందరూ ఆయనతో అంటున్న మాటే ఆయన నాతో అన్నాడు.

బాగు చేయడానికి విజయవాడలో ఇరవై ఎనిమిది వేలు అడిగారు. మా ఇంట్లో ఆ అంకె విన్నవారందరూ ఒకే మాట అన్నారు: ఫోనుందిగా.

2023 అక్టోబరు 23న, సోమవారం, మళ్ళీ నవమి. మిల్లు నుంచి వచ్చేసరికి గోనెపట్టా మీద అన్నీ పేర్చి ఉన్నాయి. కొత్తగా కొన్న పెద్ద కంప్రెసర్‌కు దండ వేశారు. దాని పక్కన, నన్నడగకుండానే బీరువాలోంచి తెచ్చి, నా కెమెరా పెట్టారు. లెన్స్ బిగించి, లెన్స్‌కు మూత వేసి.

"ఈసారి విప్పలేదమ్మాయ్," అన్నారు అత్తగారు. "నువ్వు బాధపడతావని."

బొట్టు నేను పెట్టలేదు. దశమి పొద్దున ఎవరి పనిముట్లు వాళ్ళు తీసుకున్నారు. కెమెరా మధ్యాహ్నం దాకా ఆ పట్టా మీద ఒంటరిగా ఉంది. చివరకు పట్టా మడవడానికి అడ్డమని మరిది తెచ్చి, నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

లెక్క ఇది. పోయినవి: ఒక కెమెరా, ఒక ప్రదర్శన, ఒక మనిషి ఎడమ కన్ను. ఉన్నవి: ఒక లెన్స్, ఒక ప్లాస్టిక్ మూత, ఎండలో తీసిన, అన్నిటా అదే చోట అదే మరకతో నూట పద్నాలుగు చిత్రాలు. గోనెపట్టా మీద చోటును ఎందులో వేయాలో తేలక కొన్నాళ్ళు ఖాళీగా వదిలాను. ఇప్పుడు పోయినవాటిలో రాశాను.