మినుముల మీద నా బండి

పాత మోపెడ్‌ను మా అబ్బాయి పాత ఇనప సామాన్ల కొట్టుకు వేస్తానంటే ప్రాణం ఒప్పక, నేనే తొక్కడం నేర్చుకున్నాను. వీధి చివరిదాకా తిరగడం వేరు, చీరాల నుంచి రేపల్లెలో మా చెల్లెలింటికి ఒంటరిగా పోవడం వేరు. బాపట్లలో టీకి కూడా ఆగలేదు. ఆగితే భయమేసి ఇంటిదారి పడతానేమోనని.

బాపట్ల దాటాక ఒకచోట రోడ్డంతా ఎండిన మినుప మొక్కలు పరిచి ఉన్నాయి. మాది మగ్గాల ఇల్లు, పొలం పనులు ఎరగను. జారిపడతానని భయం, తిండిగింజలు తొక్కడమేమిటని బాధ. బండి వెనక్కి తిప్పబోయాను.

గట్టు మీద కూర్చున్న రైతు భార్య లేచి వచ్చింది.

"ఏంటి పిన్నిగారూ, వెనక్కి పోతున్నారు?"

"తినే గింజల్ని తొక్కమంటావా? కళ్ళు పోతాయి."

"తొక్కితేనే కదండీ కాయ పగిలి గింజ రాలేది! మీరు తినే గారెలన్నీ లారీలు తొక్కినవే. మెల్లగా పోనివ్వండి, బ్రేకు మాత్రం నొక్కొద్దు."

కాళ్ళు రెండూ కిందికి జార్చి పోనిచ్చాను. కాయలు పటపటా పగిలాయి. బండి ఊగింది గాని పడలేదు. అవతలికి చేరినా మనసు ఊరుకోలేదు. పెట్రోలు దండగని తెలిసీ వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తొక్కించాను. ఈసారి కాళ్ళు బండి మీదే ఉంచాను.

ఆవిడ పగలబడి నవ్వింది. "ఇక పోండి పిన్నిగారూ, మినుముల్ని పప్పు చేసేట్టున్నారు!"

రేపల్లె దాకా మళ్ళీ కాలు కింద పెట్టలేదు.