పులగం గుండిగ ఏ జట్టుది?

శ్రీకాకుళంలో ఒక కాలేజీలో ఆటల టీచర్ని నేను. బాగా ఆడే పిల్లని పక్క కాలేజీవాళ్లు ఫీజు మాఫీ చేస్తామని ఎగరేసుకుపోతే నాకు వారం రోజులు అన్నం సయించదు. అలాంటిది ఈ మధ్య ఫోన్లో ఒక వార్త చదివాను. అమెరికా కాలేజీల్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకి ఇప్పుడు బోలెడు డబ్బులిస్తున్నారట, నచ్చకపోతే వేరే కాలేజీకి మారిపోవచ్చట, ఆపేవాళ్లే లేరట. పైగా ఆ ఫుట్‌బాల్‌ని ఎక్కువగా చేత్తోనే ఆడతారు! ఇది మంచో చెడో తేల్చుకోలేక స్టాఫ్‌రూంలో అందరి బుర్రలూ తింటుంటే, యాంగోన్ నుంచి రత్నం అక్క ఫోన్ చేసింది. "మీ బావ జట్టు ఫైనల్‌కి ఒచ్చిందే. అవతల జట్టులో మన ఉష ఆడతాది. నువ్వు రాకపోతే నాను ఒక్కర్తినీ ఏ పక్క కూకోవాలి?" అంది. టికెట్ కొనేశాను.

మా ఇంట్లో పెద్దవాళ్లు బర్మాలోని ఈ యాంగోన్‌ని ఇప్పటికీ రంగం అనే అంటారు. మా అమ్మమ్మ చెల్లెలు పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. ఆవిడ మనవరాలే రత్నం, నాకు వరసకి అక్క. అక్క భర్త అప్పన్న బావ పగలు అచ్చాఫీసులో పనిచేసి, సాయంత్రాలు ఒక పాత కాలేజీ ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాడు. జీతం లేదు. పిల్లలు 'సయా' అని పిలుస్తారు, గురువుగారని అర్థం. వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఉష ఆ జట్టులోనే పెరిగి, కిందటి నెలలో ఊరి అవతలున్న కొత్త ప్రైవేటు కాలేజీకి మారిపోయింది.

విశాఖ నుంచి కలకత్తా, అక్కడి నుంచి యాంగోన్. వీసా ఆన్‌లైన్లోనే వచ్చింది. డాలర్లు మాత్రం మడత పడనివి తీసుకెళ్లండి, చిన్న గీత కనిపించినా పుచ్చుకోరు. అక్కడి డబ్బు చాట్. బ్యాంకులో ఒక రేటు, బయట ఒక రేటు. ఏది అసలుదని మార్చే ఆయన్ని అడిగితే రెండూ అసలువే అన్నాడు. మింగళాడోన్ విమానాశ్రయం నుంచి అక్కావాళ్లుండే పజుండౌంగ్‌కి టాక్సీవాడు ముప్ఫై వేల చాట్లు అడిగి పాతికకి వచ్చాడు. ఇంకో వింత, బళ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, స్టీరింగూ కుడివైపే. మన అలవాటుకొద్దీ ఎడమ తలుపు తీసి దిగబోతే ఒక బస్సు నన్ను రాసుకుంటూ పోయింది. "అమ్మ బాబోయ్!" అన్నాను. డ్రైవరు తన తలుపు తీసుకుని వచ్చి, నన్ను పాపలా చెయ్యి పట్టుకుని దింపాడు.

అక్కావాళ్లది మూడో అంతస్తు. లిఫ్టు లేదు, కరెంటు వచ్చినప్పుడు వస్తుంది. ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంటుంది, చివర సంచో క్లిప్పో ఉంటుంది. కూరగాయలూ పేపరూ దానికి తగిలిస్తే పైకి లాక్కుంటారు. ఆ సాయంత్రం బావని నేరుగా అడిగేశాను, అసలీ గొడవేంటని.

"గొడవేటుంది? మునుపు కాలేజీ మారాలంటే పాత కాలేజీ ఒప్పుకోవాలి. ఇప్పుడలగ నేదు, ఎవరిష్టం వోళ్లది. ఆ కొత్తోళ్లు ఫీజు ఒద్దన్నారు, హాస్టలిచ్చారు, నెలనెలా డబ్బులిస్తారు. ఎల్తానంది."

"నువ్వేమన్నావు?"

"ఎల్లమన్నాను."

"మరి కోపమెందుకు బావా?"

"ఎల్లమంటే ఎల్లిపోద్దేటి!" అని లేచి బాల్కనీలోకి పోయాడు. అక్క నాకేసి చూసి నుదురు కొట్టుకుంది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఆట ఉన్న రోజు జట్టంతా పొద్దున్నే అక్కావాళ్లింటికి వచ్చి పులగం తిని వెళ్తారు. పెసరపప్పు, బియ్యం, మిరియాలు, అల్లం, పైన ఇంత నెయ్యి. బావ నియమం ఒకటుంది. పక్కవాళ్ల పళ్లెం నిండకుండా ఎవరి చెయ్యీ నోటికి వెళ్లకూడదు. ఫైనల్ రోజు ఏడింటికల్లా అక్క పెద్ద గుండిగ దింపింది. పసుపు చొక్కాల బర్మా పిల్లలు, ఇద్దరు తెలుగు పిల్లలు, గదినిండా బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. నాకూ ఒక పళ్లెం పెట్టారు. అప్పుడే మెట్లమీద చప్పుడైంది. నీలం చొక్కాలో ఉష!

అక్క ముఖం వెలిగిపోయింది. "రా, రా, కూకో. ఆటకెళ్లే రోజు ఇంట్లో తినకపోతే ఎలగ?" అంది. ఉష గుమ్మం దాటలేదు. "మావోళ్లు కింద వ్యానులో ఉన్నారమ్మా. ఆళ్లు తినకుండా నాను తినకూడదు కదా" అంటూ తండ్రికేసి చూసింది. అందరం చూశాం. బావ గరిటె గుండిగలో పెట్టేసి, "ఇది మా జట్టుకి వండింది. ఒచ్చిన దానివి ఒక్కర్తివే తినీసి ఎల్లు" అన్నాడు. ఉష చెప్పింది తను పెట్టిన నియమమే! నాకు బావ మీద ఒళ్లు మండింది. ఉష వెనక్కి తిరిగింది.

నేను మెట్ల కిందదాకా పరిగెత్తాను. "నాన్న ఇన్నేళ్లు ఊరికే నేర్పాడు పిన్నీ, ఎవరూ ఒక్క చాట్ ఇవ్వనేదు. నాను ఆడితే ఇస్తామన్నారు. తీసుకుంటే తప్పేటి?" అంది, కళ్లనిండా నీళ్లతో. మా కాలేజీలో ఇలాంటి పిల్లలకి చెప్పడానికి నా దగ్గర పెద్ద ఉపన్యాసం ఉంది. ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. నేను పైకి వచ్చేసరికి అక్క ఒక టిఫిను బాక్సు సంచిలో వేసి, తాడుకి కట్టి బాల్కనీ నుంచి దింపుతోంది. సంచి ఉష ముఖం ముందు ఆగింది. ఉష దాన్ని చేత్తో ముట్టుకుంది, పైకి చూసింది, వ్యాను ఎక్కేసింది. సంచి ఎలా దిగిందో అలాగే పైకి వచ్చింది. ఆ తర్వాత గదిలో ఎవరూ సరిగ్గా తినలేదు, నేను తప్ప. ఆకలో కంగారో నాకే తెలియదు, రెండుసార్లు వడ్డించుకున్నాను.

మైదానానికి బస్సులో గంట పైనే పట్టింది, మనిషికి కొన్ని వందల చాట్లు. లోపలికి టికెట్ రెండు వేలు. డిసెంబరైనా పది దాటాక ఎండ చురుక్కుమంటుంది, తూర్పు వైపు బల్లలు చూసుకోండి. అక్కా నేనూ సరిగ్గా మధ్యలో కూర్చున్నాం. పసుపువాళ్లు పరిగెడితే అక్క చప్పట్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తుంది, నీలంవాళ్లు పరిగెడితే కొంగు నోట్లో కుక్కుకుంటుంది. పక్కనున్న ఆయన మమ్మల్ని ఏదో అడిగాడు. "ఏ జట్టని అడగతన్నాడే, ఏటి సెప్పను?" అంది అక్క. మొదటి సగంలోనే బావ జట్టు గోలు కొట్టింది. ఆట ముగిసే ముందు నీలంవాళ్లకి పెనాల్టీ దొరికింది. కొట్టడానికి ఉష వచ్చింది.

బావ గీత పక్కన నిలబడి తన జట్టు గోల్‌కీపరుకేసి చూసి, ఎడమ చేత్తో తొడ మీద ఒక్కసారి తట్టుకున్నాడు. అంతే. ఉష కొట్టింది, గోల్‌కీపరు సరిగ్గా ఎడమకే దూకింది, బంతి ఆమె చేతుల్లో పడింది. పసుపు జట్టు గెలిచింది. పిల్లలు బావని ఎత్తబోతే వద్దన్నాడు. "ఉష ఎటు కొడుతుందో చెప్పేశావా గోల్‌కీపరుకి?" అని అడిగాను. "సెప్పకపోతే ఈ పిల్లలకి అన్నేయం కదేటి?" అన్నాడు. నిజమే. సొంత కూతురికి అన్యాయం కాదా మరి? అదీ నిజమే అనిపించింది. ఉష నీలంవాళ్ల వ్యాను ఎక్కి వెళ్లిపోయింది. ఆ రాత్రి బావ కలిపిన అన్నం ముద్ద పళ్లెంలోనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నా విమానం. దింపడానికి బావ తనే వస్తానన్నాడు. టాక్సీ దగ్గరికి వెళ్తే డ్రైవరు నా సూట్‌కేసు చూసి తల అడ్డంగా ఊపాడు, వెనక డిక్కీలో చోటు లేదట. వెనక సీట్లో బియ్యం మూటలాంటిదేదో బట్ట కప్పి ఉంది. అదేంటని అడిగితే బావ "కూకో, కూకో" అన్నాడు. పదిహేను కిలోల సూట్‌కేసు ఒళ్లో పెట్టుకుని, తిట్టుకుంటూ కూర్చున్నాను. మింగళాడోన్ దగ్గర పడ్డాక టాక్సీ విమానాశ్రయం దారి వదిలి పక్క సందులోకి తిరిగింది. ఒక హాస్టలు గేటు ముందు ఆగింది.

తడి జుట్టుతో, అక్కడి ఆడపిల్లలు కట్టుకునే లుంగీలో ఉష బయటికి వచ్చింది. "నువ్వెందుకొచ్చావు నాన్నా?"

"పిన్నిని దింపడానికి."

"ఎయిర్‌పోర్టు అటు కదా!"

బావ కాసేపు చెప్పులకేసి చూసుకున్నాడు. "పులగం తెచ్చాను."

"నాను ఒక్కర్తినీ తిననని నిన్ననే సెప్పాను. మావోళ్లు పదహారు మంది."

బావ వెళ్లి డిక్కీ తెరిచాడు. పెద్ద గుండిగ, మూతికి తెల్ల గుడ్డ కట్టి, కదలకుండా చుట్టూ దుప్పట్లు కుక్కి ఉంది. వెనక సీట్లోని మూట పళ్లేలట. "మీ అమ్మ ఇరవై మందికి వొండింది. వార్డెనమ్మ కూడా తింటాదని" అన్నాడు. ఉష డిక్కీ దగ్గరికి వచ్చింది. గుండిగకి ఒక చెవి పట్టుకుంది, రెండోది బావ పట్టుకున్నాడు. గేటు దాటుతూ బావ అడగడం నాకు వినిపించింది. "అటే ఎందుకు కొట్టినావే? నాను సెప్పీస్తానని తెల్దా?"

"తెలుసు. ఇంకో పక్క కొట్టడం నువ్వు నేర్పనేదు కదా!"

"ఇక్కడోళ్లని నేర్పమను. డబ్బులిస్తన్నారు కదా" అన్నాడు బావ. లోపల పళ్లెం ముందు కూర్చున్నాక, పదహారు పళ్లేలూ నిండేదాకా ఉష చెయ్యి కదపలేదు. తర్వాత తండ్రికి కూడా ఒక పళ్లెం పెట్టింది. ఆయన తిన్నాడు.

తిరిగొచ్చాక స్టాఫ్‌రూంలో అడిగారు, ఏం తేల్చుకొచ్చావని. ఏమీ తేలలేదు. ఆడిన పిల్లకి డబ్బు రావడం తప్పని అనలేను, చేతులారా పెంచిన జట్టు చెదిరిపోతే ఆ మనిషి పడ్డ బాధని కాదనలేను. మా దగ్గర ఈ ఏడు ఒక పిల్ల పక్క కాలేజీకి వెళ్లిపోతానంది. ఉపన్యాసం ఇవ్వలేదు, మ్యాచ్ రోజు పొద్దున్న మా ఇంటికి టిఫినుకి రమ్మన్నాను. ఎంతమందిమి రావాలి మేడమ్ అని అడిగింది. ఇక మీకు ఒక్క సలహా. యాంగోన్‌లో చుట్టాలు విమానాశ్రయానికి దింపుతామంటే గంట ముందే బయలుదేరండి, సామాను తక్కువ పెట్టుకోండి. డిక్కీలో చోటు ఉంటుందన్న నమ్మకం లేదు.