భూమయ్య పట్టిన తుపాకి

గల్ఫు దేశంలో, ఖురంలోని మా హోటల్ వంటింట్లో కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడే మనిషి భూమయ్య ఒక్కడే. "ఏందే భూమన్నా, పాణం వోయిందా?" అని అందరూ ఆటపట్టించేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మా ఇద్దరిదీ ఆర్మూరు దగ్గర ఒకే ఊరు. అతని సంగతి నాకు తెలుసు.

వాళ్ళ నాయన మక్కచేనులో అడవిపందులకు కాపలా ఉండేవాడు. చేతిలో భరమారు తుపాకి, అంటే మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపుది. ఒకరోజు పొద్దున్నే భూమయ్య అక్క శాంతవ్వ గిన్నెలో మక్క గట్క పట్టుకుని చేనికి వెళ్ళింది. ఆమె గట్టు దాటకముందే తుపాకి గొట్టం పగిలింది. నాయన అక్కడికక్కడే పోయాడు. తల్లి అంతకు ముందే లేదు. కర్మ నాడు శాంతవ్వ తమ్ముడి చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, జన్మలో తుపాకి ముట్టనని ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు తప్పితే అక్కకే ముప్పని భూమయ్య భయం. గట్క కూడా ఆనాటి నుంచి నోట పెట్టలేదు.

మొన్న నవంబరులో అమెరికా అతిథులకు మా హోటల్లో విందు చేశారు. వాళ్ళ పూర్వీకులు ఆ దేశంలో దిగిన కొత్తలో ఏం తిని బతికారో అదే వడ్డించాలట. గుమ్మడికాయ, చిక్కుడు గింజలు, టర్కీ కోడి, మొక్కజొన్న రవ్వ జావ. పేరేం పెట్టినా అది మన గట్కే! అతిథుల ముందే నిలబడి కలిపే పని భూమయ్యకే పడింది. అలంకారానికని మత్రా బజారు నుంచి ఒక పాత తుపాకి తెచ్చి గోడకు తగిలించారు. భూమయ్య అటు చూడకుండా తల వంచుకుని కలుపుతూనే ఉన్నాడు.

వంటింట్లో కొందర్ని తీసేస్తారన్న మాట అప్పటికే తిరుగుతోంది. విందు మధ్యలో మేనేజర్ వచ్చి, తుపాకి పట్టుకుని జావ కుండ పక్కన నిలబడమన్నాడు. హోటల్ ప్రచారానికి ఫోటో కావాలట.

"నాతోని గాదు సార్" అన్నాడు భూమయ్య.

పెద్ద వంటవాడు కమ్రాన్, హైదరాబాదీ, చెవిలో గొణిగాడు. "పకడ్ లే మియా, ఖాలీ ఫోటోనే కదా. సాబ్‌కు కోపమొస్తే ముందు నీ నౌకరీనే పోతది."

భూమయ్య నా వైపు చూశాడు. నేను పళ్ళాలు సర్దే పనిలో పడ్డాను. చేతులు తుడుచుకుని తుపాకి అందుకున్నాడు. నవ్వమంటే నవ్వాడు కూడా.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే అక్కకు ఫోన్. "మంచిగున్నవా అక్కా? జరం గిట్ల రాలే గదా?" అంతే, ఫోటో మాట ఎత్తేవాడు కాదు. ఆమె గొంతు వింటే తప్ప అన్నం ముట్టేవాడు కాదు. చివరికి తీసేసిన వాళ్ళలో భూమయ్య కూడా ఉన్నాడు. ఫోటో మాత్రం హోటల్ గుమ్మంలో నిలువెత్తున పెట్టారు.

రూమ్‌లో పెట్టె సర్దుకుంటుంటే ఈసారి అక్కే ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆమె మాట నాకూ వినబడింది.

"ఫోటో ఊరంత తిరుగుతున్నదిరా తమ్మీ. నేనూ చూసిన. అచ్చం నాయిన లెక్కనే ఉన్నవ్." కాసేపు ఏడ్చింది. "నువ్వేం రంది పడకు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. మీ కాడ మందిని తీసేస్తున్నరని ఇన్న, నౌకరి కోసమే గదా పట్టినవ్. నిలవడ్డదా మరి?"

భూమయ్య మడతపెట్టిన చొక్కా పెట్టెలో పెట్టాడు.

"నిలవడ్డదక్కా" అన్నాడు.