నేను మింగని గోలీలు

గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ దాకా బొగ్గు లారీతో పందెం కట్టి, పాత సైకిలు మీద గెలిచినవాణ్ణి నేను. రజితకు సైకిలు తొక్కడం నేర్పి, దేశం పందేలకు పంపినవాణ్ణి కూడా నేనే. మా క్వార్టర్ల లైనులో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఎందుకు చెప్పరు? వాళ్లకు చెప్పింది నేనే కదా.

ఇట్లాంటివి చెప్పుకుంటూ ఎనిమిదేళ్లు గడిపాను. ఆ మాటల కింద ఒక బరువు దాచుకుని గడిపాను. గనిలో బొగ్గు టబ్బులు నింపినవాణ్ణి, బరువు నాకు కొత్త కాదు. కానీ నింపిన టబ్బును ఎవడో ఒకడు తోసుకుపోతాడు. ఇది మాత్రం ఉన్నచోటి నుంచి కదలలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లకు చెప్పడం కొంచెం తేలిక. నా పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు లారీ పంచాయితీ తేల్చేస్తాను. ఆ లారీ రైలు గేటు దగ్గర ఆగిపోయింది. నేను సైకిలును వంచి గేటు కింద నుంచి దూరిపోయాను. నా గెలుపు అంతే. రజితకు తొక్కడం నేర్పింది కూడా నేను కాదు. రజిత మా పక్క క్వార్టరు పిల్ల. తండ్రి లేడు, తల్లి బడిలో వంట చేసేది. కాలేజీకి పోను రాను తొక్కీ తొక్కీ తనంతట తానే నేర్చుకుంది. నేను చేసిందల్లా మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని, మోపెడ్ మీద వెంట పోయి, నీళ్ల సీసా అందించడం. ఆ పిల్ల నన్ను 'కాక' అనేది. ఊరి చేత 'కోచ్ సాబ్' అని నేనే అనిపించుకున్నాను.

ఇక గోలీల సంగతి.

మా బొగ్గు బాయిల దగ్గర ఒక దారి ఉంది. రోగంతో పని చేయలేని కార్మికుణ్ణి డాక్టర్ల బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే, అతని కొడుక్కు కంపెనీలో నౌకరి వస్తుంది. నిజంగా ఊపిరితిత్తులు పాడైనవాళ్ల కోసం పెట్టిన దారి అది. నాకు దమ్ము, అంటే ఉబ్బసం, ఉంది. అది అబద్ధం కాదు. కానీ ఎంత? నాలుగు మెట్లెక్కితే ఎగపోసేంత. బోర్డుకు అది చాలదు. మాటలను పెంచినట్టే రోగాన్నీ పెంచాలి. అందుకని నెలనెలా దవాఖానకు పోయి దమ్ము గోలీలు తెచ్చుకునేవాణ్ణి, కాగితం మీద రోగం కనపడాలి కాబట్టి. తెచ్చినవి మింగేవాణ్ణి కాదు. మింగితే ఊపిరి బాగవుతుంది, బాగైతే ఫిట్ అంటారు. ఏడాదిన్నర గోలీలు పట్టీలతోనే ఒక పెద్ద గాజు సీసాలో, బియ్యం డబ్బా వెనకాల పేరుకున్నాయి. మా ఇంటిదానికి కూడా తెలియదు.

ఆ ఏడే రజితను బయటి రాష్ట్రపు సైకిలు టీము ఒకటి నెలజీతానికి తీసుకుంది. జీతంతో పాటు ఒక నియమం వచ్చింది. రేపు ఏ గంటకు ఏ ఇంట్లో ఉంటుందో ముందే ఫోనులో రాసి పెట్టాలి. పరీక్ష చేసేవాళ్లు చెప్పాపెట్టకుండా ఆ గంటకు వచ్చి తలుపు కొడతారు, మూత్రం పట్టుకుపోతారు. "సర్ది గోలీ గూడ అడగకుంట మింగొద్దట కాక" అని నవ్వుతూ నాకు చెప్పింది.

చెప్పింది. ఈ మాట గుర్తుంచుకోండి. ఎందుకంటే, 'నాకు తెలియక ఇచ్చాను' అని ఎనిమిదేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను.

చలికాలం. ఓపెన్‌కాస్టు గని దుమ్ముకు ఎదురు తొక్కి వచ్చి, ఛాతీ పట్టేసినట్టుంది అంది. రాష్ట్రం పందెం మూడు వారాలుంది. నేను ఇంట్లోకి పోయి సీసా మూత తీశాను. నా ముసలి ఛాతీనే తెరిచే గోలీ, ఆ వయసు ఛాతీని ఇంకెంత తెరుస్తుందో అనుకున్నాను. ఒక్కొక్క గోలీని పట్టీలోంచి ఒలిచాను. కాగితంలో పొట్లం కట్టాను. "బలం గోలీలు బిడ్డా, పొద్దుమూకంగ ఒకటి ఏసుకో" అన్నాను. ఒలవడం ఎందుకు? పట్టీ మీద పేరుంటుంది కాబట్టి. తెలియక ఇచ్చేవాడు పట్టీతోనే ఇస్తాడు కదా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నా సాకులన్నీ ఆగిపోతాయి.

పందెంలో రజిత రెండో స్థానంలో వచ్చింది. అది గోలీ గొప్పా, కాళ్ల గొప్పా? కాళ్లదే అని నా నమ్మకం. కానీ ఆ నమ్మకాన్ని కూడా పాడుచేసినవాణ్ణి నేనే, ఆ పిల్లకు ఇక ఎప్పటికీ తేలకుండా చేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. నేనూరుకుంటానా? మెడలో కార్డులు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు చాయ్ తాగుతుంటే వాళ్ల మధ్యకు దూరాను.

"మా పిల్లకు నా చేతి మందు పడ్డది సార్. ఇగ దేశంల ఎవ్వలు ఆపలేరు!"

ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన నవ్వలేదు. నా మెడలోని స్టాప్‌వాచీ వైపు చూసి, పిల్ల పేరేమిటని అడిగాడు. ఇంటిపేరుతో సహా చెప్పాను.

వారం తిరగకముందే వచ్చారు. మొదటి షిఫ్టు సైరన్ ఇంకా మోగలేదు. నేను వాకిట్లో మంచం మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాను. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, చేతిలో తాళం వేసిన సంచీ. లైను పొడుగునా క్వార్టరు నంబర్లు చూసుకుంటూ వస్తున్నారు. బోర్డు తారీఖు ఇంకో పందొమ్మిది రోజులుంది. నా దమ్ము నిజమో కాదో చూడటానికి పెద్దాఫీసు పంపిన మనుషులనుకున్నాను. పుల్ల పారేసి దగ్గు మొదలుపెట్టాను. మామూలు దగ్గు కాదు. మంచం పట్టె పట్టుకుని, కళ్లలో నీళ్లు తెచ్చుకుని, పేగులు బయటపడేలా దగ్గాను. ఆడమనిషి పాపం పరుగున వచ్చి వీపు నిమిరింది.

"నీళ్లు తాగండి పెద్దాయనా. రజిత అనే అమ్మాయి ఇల్లు ఇదేనా?"

దగ్గు ఠక్కున ఆగింది. మీకు నిజం చెబుతాను. ఆ క్షణంలో నాకు కలిగింది భయం కాదు, సంతోషం. నా కోసం కాదు, ఆ పిల్ల కోసం వచ్చారు. ఎంత తేలికపడ్డానంటే, నేనే లేచి పోయి ఆమె తలుపు తట్టాను. "కోచ్‌ను నేనే" అని కూడా అన్నాను. ఎనిమిదేళ్లుగా నన్ను తినేది గోలీ ఇచ్చిన చెయ్యి కాదు. తలుపు తట్టిన ఈ చెయ్యి.

రజిత కళ్లు నులుముకుంటూ వచ్చి, ఏ బెదురూ లేకుండా సంతకం పెట్టి, ఆడమనిషి వెంట లోపలికి పోయింది. అందరికీ చీటీలు తీసినట్టు చేసే పరీక్ష కాదట అది. పేరు పెట్టి పంపిన పరీక్ష. ఆ సంగతి తర్వాత విచారణలో తెలిసింది. పేరు ఎవరిచ్చారో కాగితంలో లేదు. అది తెలియడానికి నాకు కాగితం అక్కర్లేదు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. అప్పటికి నేను అన్‌ఫిట్ అయ్యాను. కొడుకు నౌకరి కాగితం ఇంకా చేతికి రాలేదు. ఆ గోలీలు నావని ఒప్పుకుంటే, నేను మింగలేదని కంపెనీకి తెలిసిపోతుంది. రజిత ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

"కాక, నువ్విచ్చిన గోలీలు ఏంటియి?"

"బీకాంప్లెక్స్ బిడ్డా."

"దమ్ము మందు దొరికిందని రాసిండ్రు. నాకు దమ్మెక్కడిది కాక?"

"వాళ్ల మిషిను తప్పయి ఉంటది. నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం ఉన్నది గనుకనే అడుగుతున్న."

నేను లేచి, ఉత్తరం సంగతి చెవిన పడి ముందురోజే దుకాణంలో కొని పెట్టిన బీకాంప్లెక్స్ పట్టీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆ పట్టీనే విచారణకు తీసుకుపోయింది. అందులో ఏ మందూ లేదని తేలింది. ఉండదు కదా. మందు ఒంట్లోకి ఎట్లా వచ్చిందో రుజువుతో చెప్పగలిగితే శిక్ష తగ్గించేవాళ్లట. మందలించి వదిలేసే దారి కూడా ఉందట. రజిత చెప్పలేకపోయింది. చెప్పగలిగినవాడు ఇక్కడ క్వార్టరులో కూర్చుని కొడుకు నౌకరి కాగితం కోసం టపా మనిషికి ఎదురుచూస్తున్నాడు. రెండేళ్లు నిషేధం పడింది. టీము వదిలేసింది. ఆ రెండేళ్ల తర్వాత ఎవరూ పిలవలేదు. లైనులో 'గోలీల రజిత' అని పేరు పడింది. ఆ పేరు నా ముందు అన్నప్పుడు నేను నవ్వానా? ఒకసారి నవ్వాను.

ఇప్పుడు రజిత బసంత్‌నగర్ దగ్గర లారీలు తూచే కాంటాలో కూర్చుని చీటీలు రాస్తుంది. డ్యూటీకి సైకిలు మీదే పోతుంది.

ఇన్నేళ్లకు ఇప్పుడెందుకు? మొన్న కాలనీ ఆడపిల్లలకు సైకిలు పందేలు నేర్పాలని పెద్దలు కూడారు. రజితను పిలుద్దామని ఎవరో అన్నారు. "మందు మింగిన దానితోనా?" అని ఇంకెవరో అన్నారు. కోచ్ సాబ్‌ను గౌరవంగా ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. అందరూ నా వైపు చూశారు. నాకు దగ్గు వచ్చింది. ఈసారి నిజం దగ్గే. ఆ దగ్గుతో పాటే మాట కూడా వచ్చి ఉంటే అక్కడే పడిపోయేది. రాలేదు. ఇంటికి వచ్చి కాగితాలు తీశాను.

పరీక్షలు చేసే ఢిల్లీ ఆఫీసుకు ఉత్తరం రాశాను. నా పేరు, నా పాత దవాఖాన పుస్తకం నకలు, మూడు ఖాళీ పట్టీలు. పట్టీలు ఎందుకు దాచుకున్నానో నాకే తెలియదు. కంపెనీకి ఇంకొకటి రాశాను, నా దమ్ము ఎంతో, దాన్ని ఎంత పెంచానో. పోస్టు చేసే ముందు కొడుక్కు చెప్పాను. వాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

"నా నౌకరి పోతది గదనే నాయినా" అన్నాడు.

"పోవచ్చు."

"గప్పుడు చెప్పంది గిప్పుడెందుకే?"

వాడు నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. వాడి కోపం న్యాయమైనదే. ఒక పిల్ల బతుకు తీసి వాడికి పెట్టాను, ఇప్పుడు వాడిది తీసి ఆ పిల్లకు పెడతానంటున్నాను. ఇదేనా న్యాయం? కాకపోవచ్చు. కానీ ఉత్తరాలు రెండూ పోస్టు చేశాను. రసీదులు జేబులో ఉన్నాయి. ఆ సీసాను కూడా బియ్యం డబ్బా వెనక నుంచి తీసి, మంచం పక్కన అందరికీ కనపడేలా పెట్టాను. రజితకు పోయిన ఏళ్లు రావు. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు లేదు. చెప్పేశాను. అంతే. ఛాతీలో కొంచెం చోటు దొరికింది.

ఇక్కడికి ముగిద్దామనుకున్నాను. కానీ ఆమె సంగతి ఆమె చూడకుండా బయటికి పోకూడదనిపించింది. పొద్దున కాంటా దగ్గరికి పోయి ఈ కాగితాలు ఇచ్చాను. లారీలు ఆగి హారన్లు కొడుతున్నా, రజిత మొదటి నుంచి చివరిదాకా చదివింది. లారీ పందెం దగ్గర కూడా నవ్వలేదు. చెవి మీద పెట్టుకున్న పెన్ను తీసి ఒకచోట గీత గీసింది.

"ఒక్కసారి అడిగినట్టు రాసినవ్. మూడుసార్లు అడిగిన కాక. మీ ఇంట్ల ఒకసారి, నల్లా కాడ ఒకసారి. మూడోసారి ఢిల్లీల, విచారణకు లోపలికి పిలిచే ముంగట, తలుపు కాడ నిలబడి ఫోన్ చేసిన. నువ్వు దగ్గుకుంట ఫోన్ పెట్టేసినవ్. గా మాట గూడ రాయి."