గాలిని కొలిచే సంచి

నాకు ఐదో నెల నడుస్తుండగా మా బస్తీ దవాఖానలో ఒకామె పరిచయమైంది. టీటీ సూది వేయించుకొని బెంచీ మీద కూర్చుంటే పక్కన వచ్చి కూర్చుంది. నర్సు కాదు, డాక్టరూ కాదు. ఒక పరిశోధన సంస్థ తరఫున ఇంటింటికీ తిరిగే ఉద్యోగమట. కడుపుతో ఉన్న ఆడవాళ్లు రోజంతా ఎలాంటి గాలి పీలుస్తున్నారో, పుట్టే పిల్లల మీద దాని ప్రభావం ఎంత ఉంటుందో తెలుసుకోవాలని శాస్త్రవేత్తలు ఒక అధ్యయనం మొదలుపెట్టారని చెప్పింది.

"ఒక రోజంతా చిన్న సంచి భుజానికేసుకోవాలె చెల్లె, గంతే. సూదులు లేవు, మందులు లేవు. వద్దనిపిస్తే ఎప్పుడైనా తీసేయొచ్చు" అంది.

నేను సరే అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. కడుపులో పిల్ల కదలడం అప్పుడప్పుడే తెలుస్తోంది. ఎవరో ఆ పిల్ల గురించి అడిగారు, అదే బాగుంది.

నేను పుట్టి పెరిగింది గుడిమల్కాపూర్‌లో. పూల మార్కెట్‌కు వచ్చే బంతిపూల వాసన మధ్యే చదువుకున్నాను. పెళ్లయి ఇదే నగరంలో ఛత్రినాకకు వచ్చాక వాసనలు మారిపోయాయి. మా అత్తమ్మకు బర్రెలున్నాయి. మామయ్య పోయినప్పటి నుంచీ ఇల్లు నడిచింది వాటి మీదే. పొద్దున పాలు ఇళ్లకు పోసి, సాయంత్రం పాలతో కోవా చేసి మిఠాయి దుకాణాలకు ఇచ్చేది. ఇంటి వెనక రేకుల కింద మట్టి పొయ్యి, దాని మీద పెద్ద ఇనుప కడాయి. కట్టెలు, పిడకలు. పాలు చిక్కబడి గడ్డ కట్టేదాకా ఎవరో ఒకరు తిప్పుతూనే ఉండాలి, లేకపోతే అడుగంటుతుంది. పెళ్లయిన కొత్తలోనే ఆ పని సగం నాకు వచ్చేసింది.

సంచి సంగతి చెబితే అత్తమ్మ చేతిలో పని ఆపింది.

"గాలిని గూడ కొలుస్తరా?"

"కొలుస్తరట."

"కొలిచి ఏం చేస్తరు?"

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. అన్నం తింటూ, "చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద జరసేపు నిలబడి రా, మిషన్ అక్కడికక్కడే నిండిపోతది" అని నవ్వాడు. మేమంతా అదే అనుకున్నాం. కాలుష్యమంటే రోడ్డు మీద ఉండేది, బస్సులది, ఆటోలది. ఇంట్లో లేచే పొగకు మేమెవరమూ ఆ పేరు పెట్టలేదు. అది వంట, అంతే.

కొద్ది రోజుల తరువాత దవాఖానలో కలిసినామె స్కూటీ మీద వచ్చింది. అప్పటికే నేను ఆమెను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను. సంచి తేలికగానే ఉంది. లోపల చిన్న పంపు గుయ్యిమని సన్నగా మోగుతోంది. సంచిలోంచి వచ్చే గొట్టం చివర, గాజులాంటి చిన్న డబ్బీలో తెల్లటి గుండ్రటి కాగితం. దాన్ని నా మెడ దగ్గర జాకెట్టుకు తగిలించింది. నేను పీల్చే గాలిలోని దుమ్మూ పొగా ఆ కాగితం మీద చేరతాయట.

"రోజూ ఏం చేస్తవో గదే చెయ్యి. సంచి కోసం ఏదీ మార్చకు" అని మరీ మరీ చెప్పి వెళ్లింది.

కానీ అత్తమ్మ మార్చేసింది. ఆ రోజు నన్ను పెరట్లోకి అడుగు పెట్టనివ్వలేదు.

"నువ్వు ముందరనే కూసో. మిషన్‌కు పొగ వడితే ఖరాబైతది. మంది సొమ్ము, మళ్ల మనల్ని అంటరు."

పాలు పిండింది, పేడ ఎత్తింది, కడాయి ముందు కూర్చుంది, అన్నీ ఆమే. నేను చుట్టంలా ముందు గదిలో కూర్చున్నాను. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "ఏందమ్మా అది, కడుపుల పిల్ల మాటలు ఇనేదా?" అని అడిగింది. సాయంత్రం అత్తమ్మకూ ఒక అనుమానం వచ్చింది. గడప దగ్గరే ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"మనం మాట్లాడుకునేది గూడ అండ్ల ఎక్కుతదా?"

"లేదత్తమ్మా. గాలి ఒక్కటే."

"అట్లయితే మంచిదే" అని లోపలికొచ్చి, నా పక్కన కూర్చొని, అప్పటిదాకా ఆపుకున్న పక్కింటి ముచ్చట్లన్నీ మొదలుపెట్టింది.

మరునాడు అక్క వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను, రోజంతా ముందు గదిలోనే ఉన్నానని. ఆమె కోప్పడలేదు. అత్తమ్మ పక్కన మంచం మీద కూర్చుంది.

"పెద్దమ్మా, మీరు మిషన్‌ను మంచిగ చూసుకున్నరు. కానీ పొగకు అది ఖరాబు కాదు. పొగ ఉన్న కాడ దాన్ని పొగ చూడనియ్యాలె. లేకుంటే మేము తప్పు లెక్క రాసుకుంటం."

"అయ్యో, నాకేం ఎరుక బిడ్డా" అంది అత్తమ్మ. ఆమెకు చాయ్ పెట్టి ఇచ్చింది.

రెండోసారి సంచి వేసుకున్న రోజు ముసురు పట్టింది. కట్టెలు తడిసి ఉన్నాయి. ఎప్పటిలాగే సాయంత్రం కడాయి ముందు కూర్చొని పాలు తిప్పాను. కళ్ల నిండా నీళ్లు. మధ్యమధ్య అత్తమ్మ నన్ను లేపి తాను కూర్చునేది, దగ్గు రాగానే మళ్లీ నేను. ఆ పక్కనే దోమలు రాకుండా బర్రెల దగ్గర వేపాకు పొగ. ఆ రోజు ప్రత్యేకంగా జరిగిందేమీ లేదు. అన్ని రోజులూ అలాంటివే.

పొద్దున అక్క వచ్చి డబ్బీని గొట్టం నుంచి విడదీసింది. మూత తియ్యకుండానే లోపలి కాగితం కనిపించింది. అడుగంటిన గిన్నె తుడిచిన గుడ్డలా ఉంది. ఆమె బ్యాగులో ఇంకో ఇంటికి తీసుకుపోతున్న కొత్త డబ్బీ ఉంది, తెల్లగా. రెండూ ఆమె ఒకే చేతిలో పట్టుకుని ఉండగా అత్తమ్మ చూసింది.

"గిదంతా పిల్లకు పోయిందా?"

"అంతా పోదు పెద్దమ్మా. కొంత పోతది. ఎంత పోతది, ఏం చేస్తది అన్నదే మేము చూస్తున్నం."

అత్తమ్మ బర్రెలు కడగడానికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం పొయ్యి ముట్టించలేదు. పాలన్నీ తోడు పెట్టేసింది. దుకాణం నుంచి ఫోన్ వస్తే పానం బాగాలేదని చెప్పించింది. నాలుగు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్లి కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"గీ పొగలనే నీ మొగన్ని కన్న. నీ ఆడబిడ్డను కన్న. గప్పుడు నాకెవలు చెప్పలే" అంది.

"నిన్నెవరు ఏమన్నరు అత్తమ్మా?"

"ఎవలు అనలే. నేనే అనుకుంటున్న."

ఆమె వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాను. తప్పు రోడ్డుదని తేలితే బాగుండేదనిపించింది. రోడ్డును తిట్టుకోవచ్చు, ఎవరికీ బాధ ఉండదు.

అత్తమ్మ దగ్గు కొత్తది కాదు. తెల్లవారుజామున మొదలై పాలు పిండేదాకా సాగేది. దాన్ని మేము ఇంటి చప్పుళ్లలో ఒకటిగానే విన్నాం, బకెట్ చప్పుడులా, గొలుసు చప్పుడులా. ఆ కాగితం చూశాక నాకు ఆ దగ్గు వేరుగా వినిపించింది. అక్క మళ్లీ వచ్చినప్పుడు అడిగాను.

"మా అత్తమ్మకు గూడ సంచి వెయ్యొచ్చు గద అక్కా? నాకంటే ఎక్కువ పొగ ఆమెనే పీల్చింది."

"వెయ్యరాదు చెల్లె. ఈ పరిశోధన కడుపుతో ఉన్నోళ్లకే. ఒక్కసారికి ఒక్క ప్రశ్ననే అడుగుతరు."

"ఇన్నేండ్ల సంది పొగల కూసున్న మనిషి ఎదురుంగనే ఉంటే, ఇంకా పుట్టని పిల్ల గురించి అడుగుడేంది?"

నా గొంతులో కోపం నాకే వినిపించింది. ఆమె బ్యాగు కింద పెట్టింది. తరువాత, "నువ్వన్నది కరెక్టే. నేను సంచి ఇయ్యలేను. కానీ సర్కారు ఛాతీ దవాఖానల ఊపిరి పరీక్ష చేస్తరు. ఫికర్ చెయ్యకు, తీస్కపో. కోవా సంగతి డాక్టర్‌కు తప్పకుండ చెప్పు" అంది.

అత్తమ్మను ఒప్పించడానికి మా ఆయన ఒక రోజు సెలవు పెట్టాల్సి వచ్చింది. దవాఖానలో ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి ఊదమన్నారు. పరీక్ష చేసే అమ్మాయి "ఊదమ్మా, ఊదు, ఊదు, ఇంకా ఊదు" అంటుంటే అత్తమ్మకు నవ్వొచ్చి రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. మూడోసారి నవ్వలేదు. ఊపిరి అంతదాకా రాలేదు.

డాక్టర్ పరీక్ష కాగితం చూసి, "బీడీలు తాగే అలవాటుందా అమ్మా?" అన్నాడు.

"నేనెందుకు తాగుత సారూ" అని ముఖం ముడుచుకుంది. నేను కోవా సంగతి, పొయ్యి సంగతి చెప్పాను. ఆయన వింటూ తలూపాడు. ఊపిరి గొట్టాలు సన్నబడ్డాయని, పోయిన బలం తిరిగి రాదని, పొగ మానేస్తే ఉన్నది నిలబడుతుందని చెప్పి, పీల్చే మందు రాశాడు. బయటికొచ్చాక అత్తమ్మ మెట్ల మీద ఆగి, "నేను తాగలే. పొయ్యే తాగిచ్చింది" అంది, తనలో తాను.

ఆ నెలే పెద్ద గ్యాస్ పొయ్యి కొన్నాం. కోవా తీసుకునే దుకాణాల్లో ఒకాయన రెండు రోజులు చూసి ఇంటికే వచ్చాడు.

"అమ్మా, పహలే వాలా మజా నై ఆరా" అన్నాడు, మునుపటి రుచి రావడం లేదని.

"గా మజా నా ఛాతిల ఉంది భాయ్" అంది అత్తమ్మ.

ఆయన నవ్వబోయి, ఆమె పక్కనున్న పీల్చే మందు చూసి ఆగిపోయాడు. కోవా మానలేదు కానీ తీసుకునేది తగ్గించాడు. పండుగల ముందు మాత్రం కట్టెల పొయ్యి కోవానే కావాలనేవాడు. అందుకు మా ఆయన పొయ్యిని రేకుల కింద నుంచి బయటికి జరిపి, పాత పైపు ఒకటి తెచ్చి పొగ పైకి పోయేలా అమర్చాడు. పొగ పూర్తిగా పోలేదు. మా వైపు తగ్గింది. పక్కింటామె వైపు పోతోందని కొన్నాళ్లు లొల్లి అయింది, పైపు ఇంకొంచెం ఎత్తు పెంచాక సద్దుమణిగింది.

పాప పుట్టింది. అక్క వచ్చి తూకం వేసింది, పొడవు కొలిచింది. తరువాత కూడా ఏడాదికోసారి వచ్చేది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"ఆ పొగతోని మా పాపకు ఏమన్నా అయిందా అక్కా?"

"ఒక్క పిల్లను చూసి చెప్పరాదు చెల్లె. మస్తు మందిని పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తది. నీ పిల్ల గురించి నేను ఏదైనా చెప్పిన్నంటే అది అబద్ధమే."

అప్పుడు ఆ జవాబు నాకు రుచించలేదు. రెండుసార్లు సంచి మోసి, అన్నిసార్లు తలుపు తీసి, నా పిల్ల గురించి ఒక్క మాట లేదా అనుకున్నాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పేవాళ్లు మన చుట్టూ ఎంత తక్కువో తరువాత తరువాత అర్థమైంది.

ఒక ఆదివారం సంచి వేసుకున్నవాళ్లందరినీ ఇంటివాళ్లతో సహా ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి, ఇప్పటిదాకా ఏం తెలిసిందో శాస్త్రవేత్తలే వచ్చి చెప్పారు. చంకల్లో పిల్లలు, మధ్యమధ్య ఏడుపులు. చివర ఎవరైనా ఏమైనా అడుగుతారా అంటే అత్తమ్మ వెనక వరసలోంచి లేచింది.

"మా అసొంటి ముసలోళ్లను ఎందుకు సూస్తలేరు సారూ?"

వాళ్లలో పెద్దాయన మైకు పక్కన పెట్టి మామూలు గొంతుతోనే మాట్లాడాడు. "చూడాలమ్మా. ఈసారికి మాకున్న మనుషులు, వసతి ఇంతవరకే సరిపోయాయి. తరువాత చేయగలమో లేదో నేను మాట ఇవ్వలేను. కానీ మా వాళ్ల ముందు అడుగుతాను."

బస్సులో అత్తమ్మ చాలాసేపు కిటికీలోంచి చూసి, "మంచోడే. అయితదని ఉత్తగ చెప్పి పంపియ్యలే" అంది. ఆ ప్రశ్న అక్కడ ఏమైందో నాకు తెలియదు. మా బస్తీలో పెద్దవాళ్లకు సంచి తెచ్చినవాళ్లెవరూ లేరు.

పాప ఇప్పుడు బడికి పోతోంది. అత్తమ్మ రెండు బర్రెలను అమ్మేసింది, మిగిలినవాటిని వదలనంటోంది. దగ్గు పోలేదు, చలికాలం వస్తే పెరుగుతుంది. కానీ డాక్టర్ అన్నట్టే ఉన్న ఊపిరి నిలబడింది. కిందటి ఆషాఢంలో అమ్మవారి బోనం నా తలకెత్తి, తాను వెనక నడిచింది. దారిలో ఒక దుకాణం మెట్టు మీద కూర్చుంటే ఎవరో ఏమైందని అడిగారు. "ఏం లేదు, జర దమ్ము తీస్కుంటున్న" అని, మందు పీల్చి, పాప చెయ్యి పట్టుకొని మళ్లీ లేచింది. గుడి దాకా నడిచే వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మమ్మల్నెవరినీ అడక్కుండా ఆటో పిలిచి ఎక్కింది.