సుగుణ చేత చెప్పించిన స్తోత్రం

ఏళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా కూర్చుని ఉంది. మొదట్లో నొప్పి పెట్టేది. ఇప్పుడు అదీ లేదు. తిమ్మిరెక్కిన కాలు మనదో కాదో తెలియనట్టు ఉంటుంది చూడండి, అలా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. వచ్చే ఆదివారం మీ ముఖం చూడాల్సిన అవసరం నాకు లేదు.

నేను పాస్టరు భార్యను. ఇటిక్యాల దగ్గర ఒక ఊళ్లో మా చర్చి. సంఘంలో ఎక్కువమంది పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లు. స్త్రీల కూడిక నేను నడిపిస్తాను. కూడిక మొదట్లో ఒక్కొక్కరూ లేచి, ఆ వారం దేవునికి దేని గురించి కృతజ్ఞతలు చెప్పాలనుకుంటున్నారో చెప్పాలి. మేం దాన్ని స్తోత్రం చెప్పడం అంటాం. ఆ అలవాటు పెట్టింది నేనే. మేక ఈనిందని ఒకామె చెప్పేది. జ్వరం తగ్గి మళ్లీ పనిలోకి పోయానని ఇంకొకామె. చెప్పి కూర్చున్నాక వాళ్ల ముఖాలు తేటపడేవి. అది మాత్రం నిజం. నేను కళ్లారా చూశాను.

సుగుణ ఏ వారమూ మానేది కాదు. ఆమె భర్త దావీదు ఆరాధనలో డోలక్ వాయించేవాడు. పాట అయిపోయినా కాసేపు వాయిస్తూనే ఉండేవాడు, అందరూ నవ్వేదాకా.

చాలా ఏళ్ల కిందట ఒకసారి కోత పండుగ మా ఊళ్లో పెద్దగా చేశాం. పంటలో మొదటి భాగం దేవుని ఇంటికి తెచ్చి కృతజ్ఞతలు చెప్పుకునే రోజు అది. పొరుగూళ్ల సంఘాలను కూడా పిలిచాం. మా జీపును ఊరేగింపు కోసం నేనే దగ్గరుండి అలంకరింపజేశాను. చుట్టూ జొన్నకంకులు, బంతిపూల దండలు, వెనక గుమ్మడికాయలు, ధాన్యం బస్తాలు. వచ్చినవాళ్లందరూ మెచ్చుకుంటున్నారు. నేను వింటున్నాను. ఇంకాసేపట్లో ఊరేగింపు కదలాలి. మా ఆయన లోపల అతిథులతో ఉన్నారు. జీపు తాళం నా దగ్గర ఉంది. సుగుణ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మగారూ, మా ఆయనకు ఛాతిల గట్టిగ పట్టేసింది. చెమటలు కారుతున్నయి. జర జీపు పంపుండ్రి, గద్వాల దవాఖానకు తీస్కపోత."

నేను జీపు వైపు చూశాను. అవన్నీ విప్పాలి, దించాలి.

"గ్యాసై ఉంటది సుగుణా. పొద్దుగాల ఏం తిన్నడు?"

"ఏం తిన్లేదు. ఎడమచెయ్యి గుంజుతుంది అంటుండు."

"పరేషాన్ కాకు. తగ్గిందని నమ్మి స్తోత్రం చెప్పు. ఊరేగింపు అయినంక జీపు పంపిస్త."

"గట్లనేనా అమ్మగారూ?"

"గట్లనే."

ఆమె అక్కడే కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పింది. చెప్పి ఇంటికి పరుగెత్తింది.

నేను విశ్వాసంతోనే అలా అన్నానా? చాలాకాలం అవునని చెప్పుకున్నాను. విశ్వాసంతో అని ఉంటే అది పొరపాటు అయ్యేది, పొరపాటుకు ఎక్కడో ఒకచోట క్షమాపణ ఉంటుంది. కానీ అంతకు కొన్నేళ్ల ముందు వనపర్తిలో మా నాన్నకు అచ్చం ఇలాగే వచ్చింది. ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమచెయ్యి. అప్పుడు నేను స్తోత్రం చెబుతూ కూర్చోలేదు. చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపాను. నాన్న బతికాడు. సుగుణ ఎడమచెయ్యి అన్నప్పుడు నాకు అది గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే గట్లనే అన్నాను. కనీసం అంబులెన్సుకు ఫోన్ చెయ్యమని కూడా అనలేదు.

ఊరేగింపు సగం దారిలో ఉండగా సుగుణ ఇంటి వైపు నుంచి ఏడుపులు వినిపించాయి. పూలదండలతోనే జీపు గద్వాలకు పోయింది. దావీదు దారిలోనే పోయాడు. ముందే తీసుకురావాల్సింది అని డాక్టరు అన్నాడట.

ఇంతకంటే చెప్పడానికి కష్టమైనది ఇంకొకటుంది.

సమాధి కార్యక్రమం అయ్యాక నాకు భయం పట్టుకుంది. జీపు అడిగితే అమ్మగారు ఇయ్యలేదని సుగుణ ఎవరితోనైనా అంటే? తర్వాతి కూడికలో ఆమెను నేనే లేపి నిలబెట్టాను. ఇచ్చినప్పుడే కాదు, తీసుకున్నప్పుడు కూడా దేవునికి కృతజ్ఞతలు చెప్పాలి అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత చెప్పింది. ఆడవాళ్లందరూ ఏడ్చారు, ఎంత విశ్వాసం అన్నారు. నాకు మాత్రం లోపల ఊపిరి తిరిగింది. అందరి ముందు దేవునికి వందనాలు చెప్పిన మనిషి ఇక నా మీద ఫిర్యాదు చెయ్యలేదు కదా! నా జీవితంలో నేను నమ్మిన మంచి అలవాటు అదొక్కటే. దాన్నే తీసుకెళ్లి ఆమె నోటికి గుడ్డలా కట్టాను.

ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు. నా మీద ఆమెకు అనుమానమే రాలేదు. ఈమధ్య ఒక ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి, "ఆ దినం అమ్మగారు నాకు స్తోత్రం చెప్పుడు నేర్పకపోతే నేను ఏమైపోతుంటినో తెల్వదు. అమ్మగారిని ఇచ్చినందుకు దేవునికి వందనాలు" అంది. అందరూ నా వైపు తిరిగారు. నేను తలవంచి నవ్వాను. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? ఏమీ అనిపించలేదు. మధ్యాహ్నానికి కూర ఏం చెయ్యాలా అని ఆలోచించాను.

వెంటనే తీసుకెళ్లి ఉంటే దావీదు బతికేవాడా? తెలియదు. ఆ తెలియకపోవడం వెనకే ఇన్నాళ్లూ దాక్కున్నాను. బతికేవాడో కాదో నాకు తెలియదు గానీ, నేనేం చేశానో నాకు తెలుసు. మా ఆయనకు చెప్పలేదు. సుగుణకు చెప్పలేదు. చెబుతానని ఇక్కడ రాయను. రాస్తే అది కూడా మంచిదాన్ని అనిపించుకోవడానికే అవుతుంది.

ఇదంతా రాశాక ఇంట్లో ఎవరూ లేనప్పుడు మోకరించాను. అలవాటుగా స్తోత్రం అనే మాట నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. "జీపు కావాలంటే నేను ఇయ్యలేదు" అని పైకి అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత ప్రార్థనలో నా గొంతు నాకు వినపడింది. మళ్లీ ఒకసారి అన్నాను.