బోర్లించిన బుట్టకు నంబరు లేదు

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఎండుచేపలమ్మే అప్పమ్మ తన కొట్టును వేదవతికి అమ్ముకుందని మా బస్తీ కుళాయి దగ్గర ఒక మాట తిరుగుతోంది. ఆ డబ్బుతో చెవులకు దుద్దులు కూడా చేయించుకుందట. ఆ దుద్దులు నేను పట్టుకుని మరీ చూశాను. ఇత్తడివి. కొట్టు సంగతి కూడా అలాగే దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

అప్పమ్మ భర్త రేవులో మూటలు మోసేవాడు. అతను పోయాక ఆమె డాక్ గేటు ముందు, రోడ్డు పక్కన ఎండుచేపలు పరుచుకుని కూర్చుంది. పదిహేడేళ్లు అదే చోటు. పక్కచోట్లో వేదవతి ఎండుమిరపకాయలు అమ్మేది. అక్కడి మన తెలుగు ఆడవాళ్లకు ఒక కట్టుబాటుంది. ఒకరు రాలేకపోతే పక్కామె తన బేరం మానుకుని, ఆ చోట్లో కూర్చుని అమ్మిపెడుతుంది. తన చోట్లో ఖాళీ బుట్ట బోర్లిస్తుంది. బోర్లించిన బుట్టను బెంగాలీలు, బిహారీలు కూడా కదిపేవారు కాదు.

డెబ్బై రెండులో ఆ రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. అమ్ముకునేవాళ్లను ఊరికే తరిమెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. పేర్లు రాసుకుని, పక్కనే రేకుల బజారు కట్టి, మనిషికో కొట్టు ఇస్తామన్నారు. పేర్లు రాసే బాబు ఏ రోజు వస్తాడో మాత్రం ఎవరికీ తెలియదు. అతను వచ్చిన పూట వేదవతి ఆసుపత్రిలో పురిటి నొప్పులు పడుతోంది. అప్పమ్మ ఆమె మిరపకాయల ముందు కూర్చుని ఉంది.

"ఈ చోటు ఎవరిది, మాషీ?" అన్నాడు బాబు, పిన్నీ అని బెంగాలీలో పిలుస్తూ.

"వేదవతిది."

వేదవతి పేరు రాసుకుని, నేల మీద సుద్దతో ఏడో నంబరు వేశాడు. పక్కన అప్పమ్మ బోర్లించిన బుట్టను దాటి, అవతలి అరటిపళ్ల ముసలాయనకు ఎనిమిది వేశాడు.

గోడకు అంటించిన జాబితాలో అప్పమ్మ పేరు లేదు. ఆమెను నేనే ఆఫీసుకు లాక్కెళ్లాను. బాబు చెడ్డవాడేం కాదు. కుర్చీలు వేయించి, పుస్తకం తెరిచి చూపించాడు.

"మనిషి కూర్చున్న చోటే రాయమన్నారు, మాషీ. బుట్టకు కొట్టు ఎలా రాసేది?"

"ఆ బుట్టున్న కాడ పదిహేడేళ్లు మనిషే కూకుంది బాబూ!" అని నేను అరిచాను. అర్జీ రాసిమ్మన్నాడు. ఇచ్చి రెండేళ్లయింది. జవాబు లేదు.

బజారు తెరిచిన వారమే వేదవతి పిల్లను చంకనేసుకుని వచ్చి, తాళంచెవి అప్పమ్మ ముందు పెట్టింది.

"ఇది నీది అత్తా. నాను బుట్ట నెత్తినెట్టుకుని ఈదులంట తిరుగుతాను."

"సాల్లేయే! బాలింతవి, ఎండలో తిరుగుతావేటి? పాలెండిపోతే పిల్లని నా ఎండుసేపలు నమలమంటావా?"

చివరికి కొట్టులో సరుకు పరిచే పలక సగం మిరపకాయలకు, సగం చేపలకు అని తేలింది. బయట పేరు వేదవతిదే. కొట్టుకు ఒక్క మనిషే అని నిబంధన ఉండటంతో తనిఖీవాళ్లు వచ్చినప్పుడు అప్పమ్మ కిందికి దిగి, బేరానికి వచ్చినదానిలా నిలబడుతుంది. ఒకసారి వాళ్లు ఎంతకీ కదలకపోతే తన చేపలు తనే కొనుక్కుని ఇంటికి పోయింది. ఆ తనిఖీవాళ్లకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఈ గుట్టు రాశాను. ఇలా పేరు లేకుండా కూర్చుంటున్నది చూసే జనం అమ్ముకుందని కల్పించారు.

ఒక్కటే నన్ను తొలిచేసింది. పక్క బుట్ట తనదని ఆ రోజు ఒక్క ముక్క అనొచ్చు కదా? మొన్న బేరాలు లేని వేళ అడిగేశాను.

"ఓలే అప్పమ్మా, నీ సోటు మాట ఆ బాబుకి ఎందుకు సెప్పనేదే?"

"బుట్ట బోర్లిస్తే మనిషున్నట్టేనని లోకమంతటికీ ఎరికే అనుకున్నాను పెద్దమ్మా. ఆ బాబుకి తెల్దని నాకేటి తెలుసు?"

"తెలిసుంటే?"

చేపల మీద ఈగలు తోలింది.

"నా బుట్టా సూపించీదాన్ని. రొండిట్లో ఒకటే రాస్తానంటే మాత్రం వేదవతి పేరే సెప్పీదాన్ని. పురిటి మంచం మీదున్న మనిషి సోటు కదా, నాను కూకున్నది! కాకపోతే, ఎండకి ఒగురుస్తన్నాడని ఆ బాబుకి నా సెంబుడు మజ్జిగా తాగించీదాన్ని కాదు."